మూడు నెలల సీజన్‌లో మూడే సీరీస్‌లు: అనిమేను, టీవీ కథలను ఎంచుకొని చూసే విధానం

జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలు రాగానే జపాన్ టీవీలో కొత్త అనిమేలు, అంటే జపాన్ యానిమేషన్ సీరీస్‌లు, పదులకొద్దీ ఒక్కసారిగా మొదలవుతాయి. వాటిలో చాలా వాటిని అక్కడ ప్రసారమైన రోజే ఇక్కడ ఓటీటీలో చూడవచ్చు. అమెరికా, బ్రిటన్, కొరియా సీరీస్‌లు వీటికి అదనం. బడి నుంచి రాగానే డోరేమాన్‌నో షించాన్‌నో తెలుగు మాటలతో చూసి పెరిగిన తరానికి ఇప్పుడు ఉద్యోగాలు, సంసారాలు వచ్చాయి. పని ఉన్న రోజున గంటసేపు టీవీ ముందు కూర్చోగలగడమే గొప్ప. అందువల్ల ఏది బాగుంది అని అడిగితే సరిపోదు, ఎందుకంటే బాగున్నవి ఎప్పుడూ మన తీరిక కంటె ఎక్కువగానే ఉంటాయి. ఒక కథను ఎన్ని భాగాలుగా, ఎంత ఎడంతో, ఎక్కడ ఆపే ఉద్దేశంతో తీశారో ముందుగా తెలుసుకుంటే, దానిని వారం వారం చూడాలా, పూర్తయ్యాక కలిపి చూడాలా, అసలు మొదలుపెట్టకుండా ఉండాలా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందుగా కొలత

టీవీ అనిమే ఎపిసోడు నిడివి సుమారు 24 నిమిషాలు. అందులో ప్రారంభ గీతానికి నిమిషంన్నర, ముగింపు గీతానికి మరో నిమిషంన్నర పోతాయి. మూడు నెలల ప్రసార కాలాన్ని జపాన్ టీవీ రంగంలో ‘కూర్’ అని పిలుస్తారు. ఒక కూర్‌లో 10 నుంచి 13 ఎపిసోడ్ల దాకా పడతాయి. కొన్ని కథలు ఒక్క కూర్‌తో ఆగుతాయి, కొన్ని ఆరు నెలలు ఏకధాటిగా రెండు కూర్‌లు నడుస్తాయి, మరికొన్ని ఒక కూర్ నడిచి, కొన్ని నెలలు ఆగి, తరువాతి కూర్‌తో తిరిగి వస్తాయి. చూడబోయే సీరీస్ ఈ మూడింటిలో ఏ రకమో చాలాసార్లు ప్రకటనలలోనే తెలుస్తుంది కనుక, ట్రైలర్ చూసే ముందే ఆ ఒక్క వివరాన్ని వెతికి పట్టుకోవడం మంచిది.

ఇది ఎంత ఉపయోగపడుతుందో రెండు ఇటీవలి సీరీస్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చైనా రాజాంతఃపురాన్ని పోలిన చోట ఒక మందుల పిల్ల విషాల గుట్టు విప్పే ‘ది అపోతెకరీ డైరీస్’ 2023 అక్టోబరులో మొదలై 24 ఎపిసోడ్లు ఆగకుండా నడిచింది. 2025 జనవరిలో మొదలైన రెండో సీజన్ కూడా 24 ఎపిసోడ్లే. అందులో ఒక్కొక్క చిక్కుముడి ఒకటి రెండు ఎపిసోడ్లలో విడిపోతుంది కాబట్టి వారానికి ఒకటి చొప్పున ఆరు నెలలు చూసినా ఎక్కడా వెలితి కనిపించదు. దయ్యాలను నమ్మే అమ్మాయి, గ్రహాంతరవాసులను నమ్మే అబ్బాయి కలిసి పరుగులు పెట్టే ‘డాన్ డా డాన్’ తీరు వేరు. 2024 అక్టోబరులో వచ్చిన దాని మొదటి సీజన్ 12వ ఎపిసోడు ఒక సన్నివేశం నడిమధ్యలో ఆగిపోయింది. తరువాతి సన్నివేశం కోసం ప్రేక్షకులు 2025 జూలై దాకా ఎదురు చూడవలసి వచ్చింది. ఈ రెండో రకం కథను, మరుసటి సీజన్ తేదీ ఖాయమయ్యాకనే మొదలుపెట్టడం నా పద్ధతి. ఉత్కంఠను నెలల తరబడి మోయడంలో సుఖం ఉందనుకొనేవారు ఉంటారు, కాని నాకు ఆ సుఖం దొరకలేదు.

అసలు చాలా అనిమేలు ముగింపు లేకుండా ఎందుకు ఆగిపోతాయన్న సందేహం కొత్తవారికి తప్పక వస్తుంది. దానికి సమాధానం డబ్బు పెట్టే విధానంలో ఉంది. ఒక ప్రచురణ సంస్థ, ఒక సంగీత సంస్థ, ఒక టీవీ ఛానెల్, బొమ్మలు అమ్మే కంపెనీ వంటివి కలిసి నిర్మాణ కమిటీగా ఏర్పడి పెట్టుబడిని, నష్టభయాన్ని పంచుకుంటాయి. అనిమేకు మూలమైన మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాన్ని, ప్రచురించే సంస్థకు అనిమే ఒక రకంగా భారీ ప్రకటన. 12 ఎపిసోడ్లు చూసి మిగతా కథ కోసం పాఠకులు పుస్తకం కొంటే దాని లక్ష్యం నెరవేరినట్టే. కనుక కథ పూర్తి కావాలని కోరుకొనేవారు మాంగా ముగిసిందో లేదో, అనిమే దానిని ఎంతవరకు తీసుకొన్నదో చూసుకోవాలి. పూర్తి సంతృప్తి కావలసినవారికి ఇప్పటికే ముగిసిపోయినవి కావలసినన్ని ఉన్నాయి: 26 ఎపిసోడ్ల ‘కౌబాయ్ బీబాప్’ 1998 నాటిది, 37 ఎపిసోడ్ల ‘డెత్ నోట్’ 2006లో మొదలైంది, 74 ఎపిసోడ్ల ‘మాన్‌స్టర్’ 2004లో మొదలైంది.

మూడింటిని ఎంచుకోవడం

వారానికి మూడు కొత్త సీరీస్‌లు చూస్తే గంటా పన్నెండు నిమిషాలు అవుతుంది. ఉద్యోగం చేసేవారికి ఇది బరువు కాని లెక్క. ఈ మూడింటికి తోడు పాతది, పూర్తయినది ఒకటి చేతిలో ఉంచుకొంటే, కొత్తది రాని రోజున ఊరికే రిమోట్ నొక్కుతూ అరగంట పోగొట్టుకొనే అవసరం ఉండదు. మూడూ ఒకే రకానివి కాకూడదు. మూడూ యుద్ధాలే అయితే రెండో నెలకే ఎవరు ఎవరితో పోరాడుతున్నారో గుర్తుండదు. కదలిక ఎక్కువ ఉన్నది ఒకటి, నెమ్మదిగా సాగేది ఒకటి, నవ్వించేది ఒకటి ఉంటే రోజు తీరును బట్టి దేనినైనా పెట్టుకోవచ్చు.

ఎంచుకొనేటప్పుడు స్టూడియో పేరు చూసి నమ్మేయడం చాలామందికి అలవాటు. అది సగమే పనికివచ్చే ఆధారం. ‘వన్ పంచ్ మ్యాన్’ మొదటి సీజన్‌ను 2015లో మ్యాడ్‌హౌస్ తీసింది, 2019లో రెండో సీజన్‌ను జె.సి. స్టాఫ్ తీసింది; పేరు అదే, కథ అదే, కాని బొమ్మ కదిలే తీరులో తేడా మొదటి ఎపిసోడులోనే తెలిసిపోయింది. ‘అటాక్ ఆన్ టైటన్’ కూడా మూడు సీజన్ల తరువాత విట్ స్టూడియో చేతి నుంచి మాపా చేతికి మారింది, అయితే అక్కడ ఫలితంపై అభిమానులు ఈనాటికీ రెండుగా చీలి వాదించుకొంటూనే ఉన్నారు. కాబట్టి స్టూడియోతో పాటు దర్శకుడు ఎవరు, ఎపిసోడ్లవారీగా కథను విభజించే ప్రధాన రచయిత ఎవరు అన్నవి చూడాలి. మాంగాలోని ఏ అధ్యాయాన్ని ఉంచాలో, దేనిని తీసేయాలో నిర్ణయించేది ఆ రచయితే. 2019లో అందరినీ కట్టిపడేసిన ‘ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్’ 2021 నాటి రెండో సీజన్‌లో మాంగాలోని పెద్ద పెద్ద భాగాలను దాటేసి 11 ఎపిసోడ్లలో కథ ముగించింది. ఆ సీజన్‌ను ఇష్టపడిన మాంగా పాఠకుడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

మొదటి ఎపిసోడు అందాన్ని చూసి మురిసిపోనక్కరలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. సీరీస్ మీద దృష్టి పడేది అక్కడే కాబట్టి స్టూడియోలు తమ మంచి చిత్రకారులను దానికే కేటాయిస్తాయి. వాటి అసలు శక్తి నాలుగు, ఐదు ఎపిసోడ్లలో తెలుస్తుంది. మధ్యలో హఠాత్తుగా పాత దృశ్యాలను కలిపి కుట్టిన ఎపిసోడు వస్తే పని సమయానికి పూర్తి కావడం లేదని అనుమానించవచ్చు. 2021లో వచ్చిన ‘వండర్ ఎగ్ ప్రయారిటీ’కి ఎనిమిదో వారంలో అలాంటి ఎపిసోడే వచ్చింది, చివరి భాగం సీజన్ అయిపోయాక, జూన్ నెలాఖరులో ప్రత్యేక ఎపిసోడుగా ప్రసారమైంది.

జపాన్ గడియారం

వారం వారం చూసేవారికి గంటల లెక్క తెలియాలి. జపాన్ సమయం మనకంటె మూడున్నర గంటలు ముందుంటుంది. పెద్దల కోసం తీసిన అనిమేలు అక్కడ ఎక్కువగా అర్ధరాత్రి దాటాక ప్రసారమవుతాయి. ఆ వేళలను వారి టీవీ పట్టికలలో 24 దాటిన అంకెలతో రాస్తారు. శుక్రవారం 25:30 అని ఉంటే దాని అర్థం శనివారం తెల్లవారుజామున ఒకటిన్నర. అది హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా శుక్రవారం రాత్రి 10 గంటలు, డాలస్‌లో ఉన్న తెలుగువారికి వేసవి కాలంలో అదే శుక్రవారం ఉదయం 11:30. ఓటీటీలో ఎపిసోడు కొన్నిసార్లు ప్రసారంతో పాటే, కొన్నిసార్లు అరగంటో గంటో ఆలస్యంగా వస్తుంది. మన సాయంత్రానికీ రాత్రికీ సరిపోయేలా జపాన్ అర్ధరాత్రి రావడం భారతదేశపు ప్రేక్షకులకు కలిసివచ్చిన విషయం. అమెరికాలో ఉన్నవారు ఆఫీసు అయ్యేదాకా సామాజిక మాధ్యమాలకు దూరంగా ఉండక తప్పదు.

వారం ఆగి చూడటం వేరు, వరుసగా చూడటం వేరు

తెలుగు టీవీ ప్రేక్షకులకు రోజువారీ సీరియల్ ఎంత అలవాటో వారానికొకసారి వచ్చే కథ కూడా ఒకప్పుడు అంతే అలవాటు. 2001లో జెమిని టీవీలో మొదలైన ‘అమృతం’ కోసం ఆదివారం రాత్రి పనులు ముందుగానే ముగించుకొన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఓటీటీ వచ్చాక సీజన్ మొత్తాన్ని రాత్రికి రాత్రి చూసేయడం అలవాటైంది. రెండూ మంచి పద్ధతులే. ఏ కథకు ఏది నప్పుతుందన్న తెలివిడి మాత్రం ఉండాలి.

‘ఫ్రీరెన్’ విషయమే తీసుకొందాం. నిప్పాన్ టీవీ 2023 సెప్టెంబరు 29న దాని మొదటి నాలుగు ఎపిసోడ్లను రెండు గంటల ప్రత్యేక ప్రసారంగా చూపించి, ఆ తరువాత వారానికొకటి చొప్పున మొత్తం 28 ఎపిసోడ్లను 2024 మార్చి దాకా నడిపింది. పదేళ్ళు ప్రయాణించి రాక్షసరాజును చంపి వచ్చిన బృందం తిరిగి వచ్చిన చోట కథ మొదలవుతుంది. ఆ బృందంలోని నాయకుడు యాభై ఏళ్ళ తరువాత ముసలివాడై చనిపోతాడు. వేల ఏళ్ళు బతికే ఎల్ఫ్ జాతి మాంత్రికురాలు మాత్రం పదేళ్ళు పక్కనే ఉండి కూడా అతనిని తెలుసుకొనే ప్రయత్నం చేయలేదని అప్పుడు గ్రహిస్తుంది. ఇదంతా మొదటి ఎపిసోడులోనే జరుగుతుంది కనుక రసభంగం చేశానని ఎవరూ అనుకోనక్కరలేదు. ఒక్కో ఎపిసోడులో నెలలూ ఏళ్ళూ ఒక్క వాక్యంతో గడిచిపోయే ఈ కథలో ఆ ఎడం ప్రేక్షకుడికి కూడా తెలియాలి. ఒకే రాత్రి ఎనిమిది చూస్తే ఊరు తరువాత ఊరు, ముసలివాళ్ళ తరువాత ముసలివాళ్ళు వచ్చి పోతున్నట్టుంటుంది. వారానికి ఒకటి చూస్తే ఒక్కొక్క ఊరు విడిగా నిలుస్తుంది. అదే సీరీస్ రెండో సగంలో మాంత్రికుల పరీక్ష మొదలై కొత్త పేర్లు గుంపుగా వస్తాయి. అక్కడ మాత్రం రెండు మూడు కలిపి చూడటమే మేలు, లేకపోతే ఎవరి మంత్రం ఏదో వారం తిరిగేసరికి మరచిపోతాం. రెండో సీజన్ 2026 జనవరిలో మొదలైంది. దానిలోకి వెళ్ళేముందు ఆ పరీక్ష భాగాన్ని ఒకసారి తిరగేస్తే చాలు, 28 ఎపిసోడ్లనూ మళ్ళీ చూడనక్కరలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది ‘ప్లూటో’. 2023లో నెట్‌ఫ్లిక్స్ దాని ఎనిమిది ఎపిసోడ్లనూ ఒకేసారి విడుదల చేసింది, ఒక్కొక్కటి సుమారు గంట నిడివి. అది నేరపరిశోధన కథ కాబట్టి, ఆధారాలు చల్లారకముందే మూడు నాలుగు రోజులలో ముగించాలి. ఒక్కో ఎపిసోడు విడి కథగా ఉండే ‘ముషిషి’ వంటి 26 ఎపిసోడ్ల సీరీస్‌ను మాత్రం ఎప్పుడు వీలైతే అప్పుడు, నెలకు ఒకటి చూసినా నష్టం లేదు.

ఇదే లెక్క అనిమే కాని టీవీకి కూడా వర్తిస్తుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆండోర్’ రెండో సీజన్ 12 ఎపిసోడ్లను వారానికి మూడు చొప్పున నాలుగు వారాలు విడుదల చేశారు, కారణం ఒక్కో మూడు ఎపిసోడ్లలో కథాకాలం ఒక సంవత్సరం. ఇప్పుడు అన్నీ అందుబాటులో ఉన్నా మూడింటిని ఒక సినిమాగా భావించి, వాటి మధ్య విరామం ఇచ్చి చూస్తేనే ఏడాది గడిచిన భావం కలుగుతుంది. అదే ఏడాది మార్చిలో వచ్చిన ‘అడోలెసెన్స్’లో నాలుగే ఎపిసోడ్లు; ఒక్కొక్కదానిని కోత లేకుండా ఒకే షాట్‌లో తీశారు. దానిని ఫోన్ చూసుకొంటూ, మధ్యలో ఆపుతూ చూస్తే తీసినవారి శ్రమ అంతా వృథా. రోజుకొకటి, లేవకుండా చూడవలసినది అది. వరుసగా నాలుగూ చూడగలిగినవారి గుండెనిబ్బరానికి నమస్కారం.

చూసేటప్పుడు పాటించవలసినవి

ముందుగా ఓటీటీ సెట్టింగులలో తరువాతి ఎపిసోడు దానంతట అదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపివేయాలి. అనిమేలో ముగింపు గీతం తరువాత కూడా చిన్న సన్నివేశం ఉండటం సాధారణం. ‘జుజుత్సు కైసెన్’లో పాట అయిపోయాక వచ్చే హాస్యపు తునకలూ, ‘డీమన్ స్లేయర్’లో తరువాతి ఎపిసోడు పరిచయంతో కలిపి చెప్పే తైషో కాలపు (కథ జరిగే, వందేళ్ళ కిందటి జపాన్ కాలం) చిన్న రహస్యాలూ ఈ సదుపాయం వల్లనే చాలామందికి తెలియకుండా పోయాయి. ప్రారంభ గీతాన్ని కూడా మొదటి రెండు మూడు సార్లు దాటవేయకూడదు. దాని దృశ్యాలలో రాబోయే పాత్రలు, కొన్నిసార్లు కథ మలుపులు కూడా దాగి ఉంటాయి. ఆ తరువాత దాటవేస్తే ఎపిసోడుకు నిమిషంన్నర మిగులుతుంది. సీజన్ మధ్యలో పాట మారితే మళ్ళీ ఒకసారి చూడాలి.

భాష విషయంలో జరిగే వాదనకు అంతు లేదు. జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూడటమే అసలైన అభిమానుల పద్ధతి అని గట్టిగా చెప్పేవారితో నేను ఏకీభవించను. నెమ్మదిగా మాటలతో నడిచే కథలలో నటుల గొంతు ముఖ్యం కనుక అక్కడ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం సబబే. తెర మీద క్షణానికొక కదలిక ఉన్న పోరాట దృశ్యంలో మాత్రం కళ్ళు కింది వరుస చదువుతుంటే పైన బొమ్మ దాటిపోతుంది. అక్కడ తెలుగు డబ్బింగ్ ఉన్నవారు దానిని వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ‘సోలో లెవెలింగ్’ వంటివి అనిమేల ఓటీటీ అయిన క్రంచీరోల్‌లో తెలుగులో దొరుకుతున్నాయి. డబ్బింగ్ సాధారణంగా జపనీస్ ఎపిసోడు వచ్చిన కొన్ని వారాలకు వస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ కలిసి చూడాలనుకొన్న సీరీస్‌ను ఆ మేరకు వెనక్కి జరుపుకోవాలి. ఇంగ్లీషు చదవడానికి ఇబ్బందిపడే పెద్దవారు ఇంట్లో ఉంటే ఈ కొద్ది ఆలస్యం లెక్కలోది కాదు. మూడు దశాబ్దాల కిందట జపాన్, భారత కళాకారులు కలిసి తీసిన రామాయణ అనిమే చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. అనిమే అంటే పిల్లల బొమ్మలని కొట్టిపారేసే పెద్దలకు మొదట చూపించవలసినది బహుశా అదే.

అయితే బొమ్మ ముద్దుగా ఉన్నంత మాత్రాన అది పిల్లలకు తగినదని అనుకోవడం ప్రమాదం. 2017లో వచ్చిన ‘మేడ్ ఇన్ అబిస్’ పాత్రలు గుండ్రటి ముఖాల చిన్నారులే, కాని అందులోని హింస పెద్దలకే కష్టంగా ఉంటుంది. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలోని ఓటీటీలు ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అనే వయోవర్గాలలో ఒకదానిని చూపించాలి. ఆ గుర్తును చూశాక కూడా మొదటి ఎపిసోడును పెద్దలు ఒక్కరే చూసి, ఆ తరువాతనే పిల్లలతో కలిసి కూర్చోవడం మంచిది.

ఎప్పుడు మానుకోవాలి

మూడు ఎపిసోడ్లు చూశాకనే మానాలో కొనసాగాలో తేల్చుకోవాలన్న నియమం అభిమానులలో బాగా పాతుకుపోయింది. 2011లో వచ్చిన 12 ఎపిసోడ్ల ‘మదోకా మాజికా’ మూడో ఎపిసోడు చివర కథ స్వభావాన్నే తలకిందులు చేయడం దీనికి మంచి సాక్ష్యంగా చెబుతారు. నా దృష్టిలో మూడు అన్న అంకెకంటె నాలుగో వంతు అన్న కొలత మెరుగైనది: 12 ఎపిసోడ్లవాటికి మూడు, 24 ఎపిసోడ్లవాటికి ఆరు. అంతవరకు చూశాక తరువాత ఏమి జరుగుతుందన్న ఆసక్తి గాని, ఒక్క పాత్ర మీద అభిమానం గాని కలగకపోతే నిశ్శబ్దంగా ఆపేయవచ్చు. దీనికి మినహాయింపులు లేకపోలేదు. అదే 2011లో వచ్చిన ‘స్టైన్స్;గేట్’ 24 ఎపిసోడ్లలో సగం దాకా కాలక్షేపపు కబుర్లలాగానే సాగి, 12వ ఎపిసోడులో గొంతు పట్టుకొంటుంది. ముందుగా హెచ్చరించేవారు లేకపోతే అలాంటిది చేజారిపోవచ్చు. కనుక మన అభిరుచి తెలిసిన ఒకరిద్దరి మాటను నాలుగో వంతు నియమం కంటె పైన ఉంచాలి. వేల మంది కలిసి వేసిన సగటు మార్కులను మాత్రం అంత ఎత్తున పెట్టనక్కరలేదు. మొదటి వారంలోనే పదికి పది వేసేవారి ఉత్సాహం ఆ సగటులో కలిసి ఉంటుంది.

పెద్ద పెద్ద సీరీస్‌లను దాటే దారి

‘నరుటో’ 220 ఎపిసోడ్లు, దాని కొనసాగింపైన ‘షిప్పుడెన్’ 500. 1999 అక్టోబరులో మొదలైన ‘వన్ పీస్’ 1100 దాటింది. ఈ అంకెలు చూసి భయపడి వెనక్కి తగ్గేవారికి తెలియవలసినది ఏమిటంటే, ఆనాటి విధానంలో మాంగా వారానికి ఒక అధ్యాయం వస్తుంటే అనిమే కూడా ఏడాది పొడవునా నడిచి దానిని అందుకొనేది. అప్పుడు రచయిత ముందుకు వెళ్ళేదాకా సొంతంగా అల్లిన ఎపిసోడ్లతో కాలం గడిపేవారు. వాటినే ఫిల్లర్ అంటారు. ‘నరుటో’ మొదటి భాగంలో 136వ ఎపిసోడు నుంచి దాదాపు చివరిదాకా ఉన్నవి ఇవే. అభిమానులు తయారుచేసిన ఫిల్లర్ జాబితా పక్కన పెట్టుకొంటే నెలల సమయం మిగులుతుంది, కథలో లోటూ రాదు. ‘వన్ పీస్’లో ఇబ్బంది వేరు: అక్కడ ఫిల్లర్ తక్కువ, కాని ఒక్క అధ్యాయాన్ని ఎపిసోడంతా సాగదీయడం ఎక్కువ. అక్కడ ఎపిసోడ్లు వదిలేయడం కుదరదు కాబట్టి, ప్రతి ఎపిసోడు మొదట్లో వచ్చే పాతకథను దాటవేస్తూ, మరీ నెమ్మదించిన చోట మాంగా చదివి ముందుకు వెళ్ళడం ఉత్తమం.

ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్నకు విడుదలైన క్రమంలో చూడటమే దాదాపు ఎప్పుడూ సరైన సమాధానం. ‘జుజుత్సు కైసెన్ 0’ చిత్రం కథాకాలం మొదటి సీజన్‌కు ముందుది, అయినా అది వచ్చింది 2021 డిసెంబరులో, మొదటి సీజన్ చూసినవారి కోసం. ఒకే పేరుతో రెండు రూపాలున్నవి మాత్రం తికమక పెడతాయి. 2003 నాటి ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ 51 ఎపిసోడ్లలో మాంగాను దాటిపోయి సొంత ముగింపు చూపింది. 2009 నాటి ‘బ్రదర్‌హుడ్’ 64 ఎపిసోడ్లలో మాంగా దారినే నడిచింది. ఒకటే చూసే తీరిక ఉంటే రెండోది చూడాలి. రెండింటికీ తీరిక ఉంటే పాతదానితో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇద్దరు అన్నదమ్ముల తొలి ప్రయాణాన్ని అది నింపాదిగా చెబుతుంది, కొత్తది అక్కడ పరుగు తీస్తుంది.

సినిమాల విషయంలో కాలం మారింది. వెనకటి నరుటో, వన్ పీస్ చిత్రాలలో చాలావరకు ప్రధాన కథతో సంబంధం లేని పక్క కథలు, చూడకపోయినా ఫరవాలేదు. ‘డీమన్ స్లేయర్’ అలా కాదు. 2019 నాటి 26 ఎపిసోడ్ల తరువాతి కథ 2020 అక్టోబరులో ‘ముగెన్ ట్రెయిన్’ చిత్రంగా వచ్చింది. దానినే తరువాత ఏడు టీవీ ఎపిసోడ్లుగా చేశారు. వాటిలో మొదటిది మాత్రమే కొత్తది. చిత్రం గాని, ఆ ఏడు గాని చూస్తే చాలు. తరువాత వినోద వీధి, కత్తుల గ్రామం, హషిరా (అగ్రశ్రేణి కత్తివీరుల) శిక్షణ భాగాలు టీవీలోనే వచ్చాయి. 2025 సెప్టెంబరులో మన థియేటర్లలో తెలుగులో కూడా ఆడిన ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ ఆ శిక్షణ ముగిసిన క్షణం నుంచే మొదలవుతుంది. స్నేహితులు పిలిచారని టీవీ భాగాలు చూడకుండా దానికి వెళ్ళినవారు పోరాటాలను చూసి ఆనందించారే గాని, ఎవరి కోసం కన్నీరు పెట్టాలో తెలియక దిక్కులు చూశారు.

రాసిపెట్టుకోవడం

ఎపిసోడు అయిపోయాక మూడు వాక్యాలు రాయడం వారం వారం చూసే పద్ధతికి ప్రాణం. ఎవరు ఏమి చేశారన్నది ఒకటి, కొత్తగా వచ్చిన పేరు ఒకటి, తేలని ప్రశ్న ఒకటి ఉంటే సరిపోతుంది. మైఅనిమేలిస్ట్, అనిలిస్ట్ వంటి వెబ్‌సైట్లలో ఎన్నో ఎపిసోడు దాకా వచ్చామన్న గుర్తు ఉంటుంది గాని కథ ఎక్కడ ఆగిందో అది చెప్పదు. ‘ది అపోతెకరీ డైరీస్’ చూసేవారికి దీని విలువ బాగా తెలుస్తుంది. మొదట్లో విడివిడిగా కనిపించిన విషప్రయోగాలు, నిప్పు ప్రమాదాలు మొదటి సీజన్ రెండో సగంలో ఒకే కుట్రలోని ముక్కలుగా బయటపడతాయి. అంతఃపుర స్త్రీల పేర్లు, వారి భవనాలు, వారి పరిచారికల వివరాలు ఒక కాగితం మీద ఉంటే ఆ ముక్కలను కథానాయిక మావోమావోకంటె ముందే కలిపే అవకాశం ఉంటుంది. రాసే అలవాటు లేనివారు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకొన్నా అంతే ఫలం.

మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల చివరి వారంలో సీజన్లు ముగుస్తాయి. కొత్తవి మొదలయ్యేలోపు దొరికే ఆ కొద్ది రోజులలో నాలుగు పనులు చేసుకోవాలి. ముగిసిన మూడింటిలో ఏది పూర్తిగా ముగిసిందో, ఏది విరామం మాత్రమే తీసుకొందో చివరి ఎపిసోడు తరువాతి ప్రకటనలో చూసి రాసుకోవాలి. విరామం తీసుకొన్నదానికి తిరిగి వచ్చే నెల తెలిస్తే ఆ నెలలో కొత్తవాటికి ఒక చోటు తగ్గించుకోవాలి. సీజన్ మధ్యలో వాయిదా వేసిన కథ ఇప్పుడు పూర్తయిందేమో చూసి, దానిని చేతిలోని పాత సీరీస్ స్థానంలోకి తెచ్చుకోవాలి. ఏడాది చందా కట్టనివారు వచ్చే మూడు నెలలలో తాము చూడబోయేవి ఏ ఓటీటీలో ఉన్నాయో సరిచూసుకొని, ఒక్కటి కూడా లేనిదాని నెలవారీ చందాను అక్టోబరుకో జనవరికో ముందే రద్దు చేసుకోవచ్చు.